తల తీసేసిన చేప

చేపల గురించి నాకు తెలిసినంత మా ఆఫీసులో ఇంకెవరికీ తెలియదని చాలా ఏళ్లు గర్వపడ్డాను. గోదావరి జిల్లాలో పుట్టినదాన్ని. మొప్ప ఎత్తి చూస్తే చాలు, ఎప్పుడు పట్టిన చేపో చెప్పగలను. ఆ గర్వం ఎవరి కొంప ముంచిందో ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే కాస్త తేలికపడుతుందని మా ఆయన అన్నారు. పడదని నాకు తెలుసు.

నేను పనిచేసేది దేశ రాజధానిలో, వసంత్ కుంజ్ దాటాక ఉన్న ఒక ప్రభుత్వ పరీక్షశాలలో. నీళ్లు, మట్టి, కూరగాయలు, చేపలు, ఏవి వచ్చినా వాటిలో సీసం ఎంత ఉంది, కాడ్మియం ఎంత ఉంది అని చూసి రిపోర్టు ఇవ్వడం మా పని. పొద్దున్నే సరోజినీ నగర్ క్వార్టర్ నుంచి బస్సెక్కి వస్తాను. సాయంత్రం దాకా యాసిడ్ వాసనలో ఉంటాను. ఇరవై ఏళ్లుగా కోసేదీ, తూచేదీ, కరిగించేదీ నేనే. రిపోర్టు మీద మాత్రం నా సంతకం కింద, మా ఆఫీసరు సారు సంతకం పైన.

వానాకాలం వెళ్లిన కొత్తల్లో ఒక పెద్దావిడ మా వరండాలో థర్మకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని కనిపించింది. తూర్పు వైపు గనుల జిల్లా నుంచి రైల్లో వచ్చింది. వాళ్ల ఊరికి ఎగువన గనివాళ్లు ఖనిజం కడిగిన బురదను ఒక చెరువులా కట్టి నిలవ ఉంచేవారట. వానలకు ఆ గట్టు తెగి బురదంతా నదిలో పడింది. నది కొన్నాళ్లు బూడిద రంగులో పారి, మళ్లీ తేటపడింది. చేపలు తినొద్దని జిల్లా ఆఫీసువాళ్లు ఒడ్డున బోర్డు పాతి, తాగడానికి నీళ్ల ట్యాంకరు పంపసాగారు. తినొచ్చో లేదో తేల్చమని ఊరు ఫిర్యాదు పెడితే, చేపలు పట్టించి, పెట్టెకు సీలు వేసి మాకు పంపారు. ఇంతకు ముందు పంపిన పెట్టె దారిలో ఎక్కడో గల్లంతయిందట. అందుకని ఈసారి ఊరు ఆవిడను కాపలాగా పంపింది. ఉత్తరం పట్టుకొచ్చిన జిల్లా ఆఫీసు మనిషి టీ తాగడానికి పోయినా, ఆవిడ పెట్టె దగ్గర నుంచి కదల్లేదు.

తీసుకోబోతే ఇవ్వలేదు.

“ముందు మీరెవరో చెప్పండి దీదీ.”

“కోసేది నేనే,” అన్నాను.

“అచ్ఛా. అయితే మీ చేతికే ఇస్తాను.” ఇచ్చాక కూడా మూత మీద చెయ్యి తియ్యలేదు. “నా కూతురు కడుపుతో ఉంది. ఐదో నెల. ముందు రెండు నిలవలేదు. బోర్డు పెట్టినప్పటి నుంచి దానికి గంజీ, ఉప్పే. మాకు చేప తప్ప బలమైన తిండి ఏముంది? పెట్టొచ్చో లేదో ఆ ఒక్క మాట చెప్పండి. మిగతా కాగితాలతో నాకు పని లేదు.”

పరీక్ష ఫలితం నేరుగా ఎవరికీ చెప్పకూడదని రూలు. అయినా ఆవిడ ఫోన్ నంబరు రాసుకున్నాను. నాకు ఆవిడ నచ్చింది. పెట్టెను పట్టుకున్న తీరు నచ్చింది.

పెట్టె తెరిస్తే రోహులు. మా వైపు శీలావతి అంటాం. మంచి చేపలు, మెరుస్తున్నాయి. మా పద్ధతి ఇరవై ఏళ్లుగా ఒకటే. పొలుసు గీకాలి. తల కోసి పక్కన పడెయ్యాలి. పొట్ట చీల్చి లోపలిదంతా తీసేయాలి. తోలు ఒలిచి, ముల్లు తప్పించి, వెన్ను దగ్గర కండ తియ్యాలి. దాన్ని మెత్తగా చేసి, తూచి, యాసిడ్‌లో కరిగించి మిషన్‌కు ఇవ్వాలి. తలలూ పేగులూ చెత్త సంచిలో వేసి ముడి కట్టాలి. ఆ రోజూ అలాగే కట్టాను. నా చేతి పని చాలా శుభ్రం. కొత్తగా చేరినవాళ్లకు చూపించడానికి సారు నన్నే పిలుస్తారు.

కండలో సీసం, కాడ్మియం ఉన్నాయి, కానీ హద్దులోపలే. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే. నాకు ఏడుపొచ్చినంత సంతోషం. రిపోర్టు జిల్లాకు వెళ్లిన రోజే ఆవిడకు ఫోన్ చేశాను.

“తినొచ్చు,” అన్నాను.

“పక్కా?”

“పక్కా.”

ఆవిడ ఫోన్ పక్కన పెట్టి ఎవరినో గట్టిగా కేకేసింది. ఆ కేక చెవిలో ఉండగానే నేను టీ తాగడానికి వెళ్లాను. ఆ టీ ఎంత బాగుందో కూడా గుర్తుంది. సిగ్గుగా ఉంది, కానీ గుర్తుంది.

మూడు వారాల తర్వాత ఆదివారం, ఐఎన్‌ఏ మార్కెట్‌కు చేపలకు వెళ్లాను. నాకు ముందు ఒక కుటుంబం ముల్లు లేని ముక్కలు మాత్రమే కోయించుకుంది. తల అక్కడే వదిలేశారు. అక్కడ కోసే భయ్యాకు నేను పాత బేరాన్ని. ఎవరో వదిలేసిన తలలు నాకూ, బెంగాలీ వాళ్లకూ ఊరికే సంచిలో వేస్తుంటాడు. ఆ రోజూ వేస్తూ నవ్వాడు. “తల ఎందుకు వదిలేస్తారో వీళ్లు! అసలు రుచి అందులోనే కదా, మేడమ్?”

“తల లేకపోతే ఇక చేపెందుకు భయ్యా,” అన్నాను.

అన్నాక సంచి అందుకోవడం మరిచిపోయాను. భయ్యా సంచి చాపి పట్టుకున్నాడు. వెనకాల ఎవరో “ఆంటీ, జరుగుతారా?” అంటున్నారు. నేను మాత్రం ఆ రోజు ఆఫీసులో చెత్త సంచికి నేను కట్టిన ముడినే చూస్తున్నాను.

లోహాలు చేపలో అంతటా సమంగా ఉండవు. కండలో తక్కువ చేరతాయి. కాలేయంలో, మొప్పల్లో, ఎముకల్లో ఎక్కువ చేరతాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుందే ఈ చదువుతో. తల పులుసు కోసం ఇంట్లో కొట్టుకు చచ్చే మనిషినే, ఆఫీసులో తల తీసి పారేసి, మిగిలినదాన్ని పరీక్షించి, చేప మంచిదని సంతకం పెట్టాను. తెల్ల కోటు వేసుకుంటే అది చేప కాదు, శాంపిల్. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఆ రెండూ ఒకటేనని తట్టలేదు. ముల్లు లేని ముక్క తినేవాళ్ల కోసం ఎవరో రాసిన పద్ధతిని తల తినేవాళ్ల మీద రుద్దాను.

ఇంటికొచ్చి పులుసు పెట్టాను, చేతులు వాటంతట అవే పెట్టాయి. మా అమ్మాయి గిన్నెలోకి తొంగిచూసి, “మమ్మీ, ఆంఖ్ మేరీ హై,” అంది. చేప కన్ను ప్రతిసారీ దానిదే. నేను పొయ్యి ఆర్పేసి మా ఆయనకు జరిగింది చెప్పాను.

“ఇప్పుడు నువ్వెళ్లి ఏం పొడిచేస్తావే? రిపోర్టెళ్లిపోయింది కదా,” అన్నారాయన. కాసేపటికి ఆయనే మళ్లీ, “ఒక్క చేపన్నా మిగిలుంటాది చూడు. ఉంచుతారు కదా, ఏదన్నా పేచీ వస్తే చూడ్డానికి?” అన్నారు.

ఉంది. ప్రతి పెట్టెలోంచి ఒక చేపను కోయకుండా ఫ్రీజర్‌లో దాస్తాం. సోమవారం దాన్ని తీశాను. అనుమతి అడగలేదు. అడిగితే వారం పడుతుంది. తల వేరుగా, కాలేయం వేరుగా, మొప్పలు వేరుగా కరిగించాను. మిషన్‌కు ఇచ్చి పక్కన నిలబడ్డాను. కాలేయంలో కాడ్మియం అంకె చూసి, మిషన్ పాడయిందేమో అనుకుని మళ్లీ సరిచేసి పెట్టాను. మిషన్ బాగానే ఉంది. తలలో సీసం అంతకన్నా భయంకరంగా ఉంది. స్టూలు మీద కూర్చుండిపోయాను.

కాగితాలు తీసుకుని సారు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు, కాకపోతే శాకాహారి. చేపలో ఏది తిండి, ఏది కాదు అని తేల్చే సంతకం ఆయనది.

“మేడమ్, మెథడ్‌లో ఏముంది? ఎడిబుల్ పోర్షన్. తల ఎడిబుల్ కాదు.”

“సర్, మా ఇంట్లో ముందు అయిపోయేది తలే.”

ఆయన నవ్వారు. “మీ ఇల్లు స్టాండర్డ్ కాదు కదా మేడమ్.” తర్వాత గొంతు తగ్గించి నచ్చజెప్పారు. తలకు, కాలేయానికి మా మెథడ్‌లో హద్దే లేదు, హద్దు లేనప్పుడు ఎక్కువని ఎలా రాస్తాం అన్నారు. జిల్లావాళ్లు మా రిపోర్టు చూసి ఫిర్యాదు మూసేశారు, ఇప్పుడు తెరిస్తే ఎవరికీ మంచిది కాదన్నారు. దాచిన చేపను అనుమతి లేకుండా కోసిన సంగతి కూడా గుర్తుచేశారు, బెదిరింపుగా కాదు, జాలిగా. కనీసం రిపోర్టు కింద ‘కండ మాత్రమే పరీక్షించాం’ అని ఒక్క ముక్క చేర్చి పంపుదామని బతిమాలాను. “వెళ్లిన రిపోర్టు వెళ్లినట్టే మేడమ్,” అన్నారు. నేను ఇంకా గట్టిగా అడగొచ్చు. పై ఆఫీసుకు రాయొచ్చు. రాయలేదు. భయపడ్డాను. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

మర్నాడు లంచ్ టైములో పార్కింగ్ వెనక్కి వెళ్లి ఆవిడకు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే అందుకుంది.

“దీదీ! మీ నోటి చలవ. బోర్డు పీకేశారు. నీళ్ల ట్యాంకరు కూడా ఇక అక్కర్లేదని ఆపేశారు. పిల్ల రోజూ తింటోంది. మొహం తేటపడింది చూడండి.”

“ఏ ముక్కలు పెడుతున్నారు?” అని అడిగాను. ఇంకా నాలో ఎక్కడో చిన్న ఆశ ఉంది.

“ముక్కలెక్కడివి దీదీ? మంచి ముక్కలన్నీ టౌనుకు పోతాయి, అక్కడ కొనేవాళ్లు అవే అడుగుతారు. మాకు మిగిలేది తలలూ, లోపలిదీ. కాలేయం ఒక్కటి మాత్రం ఎవరికీ ఇవ్వను, అంతా పిల్లకే. కడుపుతో ఉన్నదానికి రక్తం పడుతుంది కదా.”

చెప్పాను. నేను ఏది కోశానో, ఏది పారేశానో, నిన్న ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పాను.

“పక్కా అన్నారు కదా దీదీ.”

“అన్నాను. తప్పు నాదే. ఇవాళే ఆపెయ్యండి.”

“ఠీక్ హై. మరి తినొద్దని కాగితం పంపండి. ఊళ్లో అందరిళ్లలోనూ ఇదే తింటున్నారు. బోర్డు మళ్లీ పెట్టించాలి.”

“కాగితం ఇవ్వలేను. మా సారు ఒప్పుకోవడం లేదు.”

“కాగితం లేకుండా నా మాట ఎవరు వింటారు? తినొచ్చన్న కాగితం జిల్లా ఆఫీసువాళ్ల దగ్గరుంది. దాని మీద మీ సంతకం కూడా ఉందట.” కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే కాస్త ఊపిరి ఆడేది. చాలా నెమ్మదిగా అడిగింది. “పిల్లకు ఆపేస్తాను. ఇప్పటిదాకా తిన్నది మాత్రం ఏమవుతుంది దీదీ?”

ఒంట్లోకి వెళ్లిన సీసం ఎముకల్లో దాక్కుంటుందని నాకు తెలుసు. కడుపులో బిడ్డ ఎముక కట్టే వేళకు తల్లి ఎముకల్లోంచి బయలుదేరి బిడ్డకు చేరుతుందనీ తెలుసు.

“తెలియదు,” అన్నాను.

“పర్లేదులెండి. ఫోన్ చేసి చెప్పారు, అదే పెద్ద సంగతి,” అని ఆవిడే నన్ను ఓదార్చింది.

పురుటి రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఏమైందని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.