ఆదివారం చీర

అమ్మ తెల్లచీర కోసం నేను బకెట్టులో నీలిమందు కలిపినప్పుడల్లా నాకు పక్కింటి రత్తమ్మత్త గొంతు వినిపిస్తుంది.

మాది కొల్లేటికోట. నా చిన్నప్పుడు అమ్మ ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లేది. "మొగుడు నిక్షేపంలా ఉండగా ఈ తెల్లచీరేంటే కుమారీ? అరిష్టం!" అనేది అత్త. అమ్మ నవ్వేసేది. ఆ మాట నాలో మాత్రం ముల్లులా ఉండిపోయింది.

సరస్సులో వేసిన చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేసిన ఏడు, ఆ చెరువుల మీద పనిచేసే నాన్నకు పని పోయింది. పడవేసుకుని సరస్సులో వేటకు వెళ్లేవాడు. ఒక గాలివానలో పడవ ఒక్కటే ఊరి రేవుకు కొట్టుకొచ్చింది. ఊరంతా ఇంకా వెతుకుతుండగానే ఆదివారం వచ్చింది. అమ్మ పెట్టెలోంచి తెల్లచీర తీసింది. నేను కొంగు పట్టుకుని వేలాడాను.

"కట్టుకోకమ్మా! కట్టుకుంటే నాన్న రాడు."

"ఇది చావు చీర కాదే, దేవుడి దగ్గరికెళ్లే చీర. ఇవాళ వెళ్లకపోతే నేను నిలబడలేనే, తల్లీ."

చర్చిలో పాట మధ్యలో అమ్మ ఆగిపోయింది. అయినా చివరిదాకా పాడింది. నేను చర్చి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను.

నాన్న దొరకలేదు. కొన్నాళ్లకు అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని పనికి బయల్దేరింది.

"ఇప్పుడీ రంగులేంటే?" అంది అత్త.

"ఇవాళ సోమవారం కదండీ, వదినా" అంది అమ్మ మెల్లగా.

ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ అత్త పేరు కూడా చెప్పింది. నేను ఆమేన్ అనలేదు. ఇప్పటికీ అనను. అమ్మ చీరకు నీలిమందు పెట్టి ఆరేస్తాను గానీ, దండెం మీంచి దాన్ని తీసి మడత పెట్టేదాకా రేవు వైపు చూడలేను.