మామ్మ జబ్బ కొలత

ఆ రోజుల్లో రాయగడలో మెడలో టేపు వేసుకుని తిరిగేది బజారులో దర్జీ, ఆసుపత్రిలో నేను. దర్జీకి గర్వం లేదు, నాకే ఉండేది. కొత్త నర్సుని, గంజి పెట్టిన తెల్లచీర, పైన టేపు. సగం డాక్టర్ని అయిపోయినట్టే నడిచేదాన్ని. అది కరువు ఏడాది. వానలు మొహం చాటేశాయి, కొండల మీద చోళ్లు కూడా పండలేదు. ముసలివాళ్ల జబ్బ చుట్టుకొలత, ఎత్తు చూసి, బాగా చిక్కిపోయినవాళ్లకి రోజూ అంబలి, పాలపొడి ఇవ్వాలని మా డాక్టరమ్మ ఏర్పాటు చేశారు. కొలత లేనిదే అంబలి లేదు. నడుం వంగిపోయినవాళ్లని నిలబెట్టి ఎత్తు కొలిస్తే ఏం తెలుస్తుంది? అందుకని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల నుంచి మడమ దాకా టేపు పరిచాను. (ఈ తెలివి నా సొంతం, ఎవరూ చెప్పలేదు.)

మా క్రైస్తవుల పేటలో మనిషిని పడుకోబెట్టి కొలిచేవాడు ఒక్కడే, శవపెట్టెలు చేసే వడ్రంగి. ఆ సంగతి నాకు తట్టలేదు. మొదటి ముసలాయన "నానింకా సావనేదర్రా!" అని అరుస్తూ బల్ల దిగి పరుగు తీశాడు (చేతికర్ర మా దగ్గరే మర్చిపోయి). ఆ తర్వాత ఒక్కరూ రాలేదు. పేటలో ఆకలి, ఇక్కడ గుండిగ నిండా అంబలి, మధ్యలో నా టేపు. "ఎవరినైనా తీసుకొచ్చి, అందరి ముందూ కొలిచి చూపించు. ముందు వాళ్ల భయం పోగొట్టు" అని డాక్టరమ్మ కేకలేశారు.

నాకు దొరికింది మా మామ్మే, నాన్నకి తల్లి. ఉతికిన తెల్లకోక కట్టుకుని, తల దువ్వుకుని మరీ వచ్చింది. పేటవాళ్లు గుమ్మం బయట నిలబడి చూస్తుండగా బల్లెక్కి పడుకుని, గుండెల మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"మామ్మా, ఇది పెట్టెకి కాదే."

"దేనికైతే ఏటమ్మి! కాళ్లు ముడుసుకుంటాను, పొడుగు తగ్గించి రాసుకో. అంత సెక్క మీ నాన్న ఎక్కడ్నించి తెస్తాడు?"

గుమ్మం దగ్గర నవ్వులు. నేనూ నవ్వుతూనే ఆమె జబ్బకి టేపు చుట్టాను. అక్కడ కండ లేదు. ఎముక, దాని మీద వేలాడే చర్మం. ఇంట్లో రోజూ నా కంచంలో అన్నం పెట్టి, "నాను ముందే తినీసేనమ్మి" అనేది. నేను నమ్మేసి మారు వడ్డించుకునేదాన్ని.

"నిజం చెప్పు మామ్మా, ఎప్పుడు తిన్నావు?"

మామ్మ లేచి కూర్చుంది. నా చేతిలోంచి టేపు లాక్కుని నా జబ్బకే చుట్టింది. "ఇదిగో, నా కూడు ఇక్కడే ఉంది. ఎక్కడికీ పోనేదు" అంది.

ఈసారి గుమ్మం దగ్గర ఎవరూ నవ్వలేదు, ఒక్కొక్కరే వచ్చి బల్లెక్కారు. ఆ రోజు నుంచి మామ్మ పక్కనే కూర్చుని అందరూ అంబలి తాగారు. వాళ్లలో చాలామంది ఆ కరువు దాటారు. మామ్మ దాటలేదు. తొలకరి పడకముందే వడ్రంగి నిజంగానే మా ఇంటికి వచ్చాడు. నాన్న తన బల్లమంచం ఊడదీసి చెక్కలిచ్చాడు. కాళ్లు ముడవనివ్వకుండా, మామ్మ నిండు పొడుగుకే పెట్టె చేయించాం.

ఇప్పుడు నాదీ మామ్మ వయసే. మొన్న ఆసుపత్రిలో కొత్త నర్సు పిల్ల నా జబ్బకి టేపు చుట్టి, "ఈ వయసులో కూడా కండ భలేగా ఉందండీ మామ్మగారూ" అంది.

"నాది కాదమ్మి, మా మామ్మది" అన్నాను.

ముసలిదానికి మతి తప్పిందనుకుందో ఏమో, ఆ పిల్ల ఇంకోసారి కొలిచింది. నేను నవ్వుకుంటూ చెయ్యి చాపాను.