మూడోసారి కొట్టకముందే పాడాను

మా కావలిలో చీటీ మునిగిన కథ ఎవరు చెప్పినా అందులో నేనుండను. హోటలాయన తను పోగొట్టుకున్నది చెప్పుకుంటాడు. బియ్యం కొట్టాయన కళ్ళు తుడుచుకుంటాడు. పక్కనే కాజాలు కుట్టుకుంటూ కూర్చున్న నన్ను, "నీ సంగతేంది సాయిబూ?" అని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్ళు ఎవరెవరో నాకు వరసగా గుర్తుంది. మర్యాద కోసం వాళ్ళ పేర్లు రాయడం లేదు.

కొత్త పైసలు వచ్చిన రెండు మూడేళ్ళకు జరిగిన సంగతి ఇది. నేను అద్దె మిషను మీద కుట్టేవాణ్ణి. నెల తిరిగేసరికి నా కష్టంలో ఒక ముక్క దాని సొంతదారుకు పోయేది. సొంత మిషను కొనాలన్నది నా కోరిక. నా భార్యది అంతకంటే పెద్ద కోరిక. అందుకే ఆ చీటీలో చేరాను.

చీటీ నడిపినాయన గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసి, మా బజారుకొచ్చి అంగడి పెట్టినవాడు. ఇరవై ఐదుగురు సభ్యులు, నెలకు తలా పది రూపాయలు. పోగైన రెండువందల యాభైకి ఆయన అంగడి అరుగు మీద పాట. అందులో ఎవరు ఎక్కువ వదులుకుంటానంటే ఆ నెల చీటీ వాళ్ళది. వదిలిన సొమ్ము అందరికీ సమానంగా పంచుతారు. పాట రోజు టీ, కారాబూందీ కూడా ఉండేవి. బూందీ పళ్ళెం ఎప్పుడూ అటు చివరి నుంచి బయలుదేరేది. నా దగ్గరికి వచ్చేసరికి కరివేపాకు మిగిలేది. ఒకసారి కాదు, ప్రతి నెలా.

పాట పాడించేది కోర్టులో జప్తు వేలాలు పాడించి రిటైరైన అమీను గారు. వందమంది అరుస్తున్నా ఎవడు ఎంత పాడాడో చెవి తిప్పకుండా చెప్పగలరని ఆయనకు పేరు. ఈ మాట గుర్తుంచుకోండి.

మావాళ్ళకు ఒక పట్టింపు ఉండేది. చీటీ పాడుకుంటే అవసరంలో పడ్డాడని అనుకుంటారు. చివరిదాకా ఆగినవాడు దిట్టమైనవాడు. పైగా నెలనెలా వచ్చే వాటా తియ్యగా ఉంది. పది కట్టాల్సిన చోట ఏడు రూపాయల చిల్లర కడితే సరిపోతోంది. హోటలాయన తన వంటింటి కప్పు కురుస్తుంటే వేరేచోట వడ్డీకి తెచ్చి రేకులు వేయించుకున్నాడు గానీ చీటీ మాత్రం పాడలేదు. ఆ వడ్డీ ఎంతో, ఈ వాటా ఎంతో లెక్క చూసుకున్నాడా అంటే, లేదు. మేమూ చూసుకోలేదు. ఆయన్ని దిట్టమైనవాడన్నాము.

మరి ప్రతి నెలా చీటీ ఎవరు ఎత్తుతున్నట్టు? కవర్లు. పాటకు వచ్చేది పద్నాలుగు మందిమి. తక్కినవాళ్ళు పెద్ద ఆసాములనీ, తీరిక లేక పాట కవర్లో పంపిస్తారనీ నిమ్మకాయలాయన చెప్పేవాడు. మొదటి నెల చీటీ వాడుక ప్రకారం నడిపేవాడిది. రెండో నెల నుంచి ఒక్కొక్క కవరే గెలుస్తూ వచ్చింది. డెబ్బై వదులుకున్నారంటే మేము తొడలు చరుచుకునేవాళ్ళం. పాపం, ఏ అవసరంలో ఉన్నారో అని జాలి కూడా పడేవాళ్ళం.

నాలుగో నెలలో ఒకామె నోరు తెరిచింది. జువ్వలదిన్నె నుంచి ఎండుచేపల గంప తెచ్చి అమ్ముకునే మనిషి. అరుగు కింద మెట్టు మీద కూర్చునేది.

"రెండు కవర్లు మా ఊరి పడవల ఆసాములవే అంటిరి గదా సామీ, ఎవరు వాళ్ళు? మా ఊళ్ళో నాకు తెలీని పడవ లేదే!"

"నీ గంపలోకి రాని చేపలు కూడా సముద్రంలో ఉంటాయమ్మా" అన్నాడు నిమ్మకాయలాయన. అందరూ నవ్వారు.

"నీకెందుకమ్మా ఇదంతా? వాటా వచ్చిందా లేదా? కూచో" అని గద్దించింది మాత్రం నేను. రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ ఇతరుల తప్పులు రాస్తున్నవాణ్ణి, ఇది కూడా రాయాలి.

పదకొండో నెలలో మిషను సొంతదారు వచ్చాడు. "అమ్మేస్తున్నా సాయిబూ. నూట యాభై ఇస్తే నీదే. లేకపోతే ఆదివారం బండి తోలుకొస్తా." నా భార్య మిషను వైపు చూసింది, నా వైపు చూసింది.

సిగ్గు చంపుకుని పాటకు పోయాను. ఆ నెల కవర్లో డెబ్బై అని ఉంది. అమీను గారు పలక మీద కర్రతో కొట్టారు. "డెబ్బై, ఒకటోసారి. డెబ్బై, రెండోసారి."

"డెబ్బై ఐదు!" అన్నాను.

అమీను గారి కర్ర గాలిలో ఆగింది. ఆయన నిమ్మకాయలాయన వైపు చూశారు. కర్ర దిగింది.

"మూడోసారి!"

"నేను పాడినానే!" అని లేచాను.

"నాకు వినపళ్ళేదు సాయిబూ."

"వచ్చే నెల నీదేలేబ్బా, ఎక్కడికి పోతుంది?" అన్నాడు నిమ్మకాయలాయన. "ఏంది సాయిబూ, అంత ముంచుకొచ్చిందా?" అని బియ్యం కొట్టాయన నవ్వాడు. మెట్టు మీది నుంచి, "పాడినాడయ్యా, నేను విన్నా!" అని ఒక్క గొంతు లేచింది. ఎండుచేపలామె మాటని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆదివారం మిషను బండెక్కిపోయింది. మరుసటి నెల పాటకు పోతే అంగడికి తాళం. తిరుపతికి పోయినాడని ఒకరు, మద్రాసుకని ఒకరు. చీటీలు ఎత్తిన కవర్ల ఆసాములైనా బాకీ కట్టకపోతారా అని అమీను గారూ నేనూ జువ్వలదిన్నె పోయాము. ఎండుచేపలామె మమ్మల్ని ఒడ్డుకు తీసుకుపోయి, లాగిపెట్టిన పడవలన్నీ వరసగా చూపించింది. ప్రతి పడవ దగ్గరా దాని మనిషిని పేరు పెట్టి పిలిచింది. అమీను గారు కవర్లలో చూసిన పేరు వాటిలో ఒక్కటీ లేదు.

"ఆ రోజు నన్నెందుకు కూచోమన్నావన్నా?" అని అక్కడే అడిగింది.

"వాటా పోతుందని భయపడినానమ్మా. తప్పు నాదే" అన్నాను. ఆమె తల ఊపింది. అంతే.

తర్వాత రెండేళ్ళు ఇంకొకరి కొట్లో కూలికి కాజాలు కుట్టాను. నా భార్య ఆ రెండేళ్ళూ మిషను ఊసెత్తలేదు.

నా పాట వినపడిందా లేదా అని జువ్వలదిన్నె నుంచి తిరిగొచ్చే బస్సులోనే అమీను గారిని అడిగాను. ఆయన కిటికీలోంచి తాటిచెట్లు చూశారు. తర్వాత మసీదు మలుపు దగ్గర అడిగాను, పోస్టాఫీసు దగ్గర అడిగాను, మూడు కార్డులు రాశాను. తనకు చెముడు అంటారు. పక్కింటి రేడియోలో వార్తలు ఆయన తన అరుగు మీద కూర్చునే వింటారు. నా కళ్ళతో చూశాను.

అమీను గారూ, ఇది నా ఒక్కడి మిషను గొడవ కాదు. ఆ సాయంత్రం చీటీ నాదని మీరు కర్ర కొట్టి ఉంటే, నిమ్మకాయలాయన నూట డెబ్బై ఐదు రూపాయలు అందరి ముందూ లెక్కపెట్టి నా చేతిలో పెట్టాలి. డబ్బు పెట్టె తెరవాలి. అందులో అంత సొమ్ము లేదన్నది పద్నాలుగు మందీ ఆ రోజే చూసేవాళ్ళు. అప్పటికి మనిషి కూడా పారిపోలేదు, మన ముందే ఉన్నాడు. వినపడకపోతే వినపడలేదని చెప్పండి, నమ్ముతాను, మళ్ళీ మీ గడప తొక్కను. వినపడి ఉంటే, కర్ర ఎందుకు దించారో చెప్పండి. జువ్వలదిన్నె ఒడ్డున ఆమె అడిగితే నేను చెప్పాను. ఇప్పుడు నేను అడుగుతున్నాను. డెబ్బై ఐదు అన్న మాట మీ చెవిన పడిందా, లేదా?