కుడివైపు చుక్కలు

నిన్న ఉదయం డిశ్చార్జ్ చేస్తామన్నారు.

నా భార్య వసంత బట్టలు బ్యాగ్‌లో పెట్టుకుని హాస్పిటల్‌కి బయల్దేరాను. క్లాంగ్ ట్రాఫిక్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. త్వరగా రమ్మని నర్సు మలాయ్‌లో చెప్పింది. చాలా మెల్లగా చెప్పింది. ఆ మెల్లదనంలోనే అర్థమైపోయింది.

గుండె ఆగిపోయిందట. నేను వెళ్ళేసరికి మంచం చుట్టూ కర్టెన్ లాగేసి ఉంది.

బ్యాగ్ ఇంకా కార్లోనే ఉంది.

ఇవాళ మధ్యాహ్నం దహనం అయింది. వచ్చినవాళ్ళందరికీ థాంక్స్. చాలా కాల్స్ ఎత్తలేదు, ఏమనుకోకండి. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది కూడా నిలబడే టైప్ చేస్తున్నాను.

నా భార్యని మీలో చాలామంది పోర్ట్ క్లాంగ్ షిప్పింగ్ ఆఫీసులో చూసి ఉంటారు. రిటైర్ అయ్యాక ఆమె లోహం మీద చేత్తో చెక్కడం నేర్చుకుందని కొద్దిమందికే తెలుసు.

వీడియోలు చూసి మొదలుపెట్టింది. గ్రేవర్ అని ఒక సన్నటి ఉలి ఉంటుంది. దాన్ని అరచేత్తో నెట్టాలి. మొదట్లో చెక్కడం కన్నా ఆ ఉలికి సాన పట్టడమే ఎక్కువ. వంటింట్లో ఒక్క ఇత్తడి చెంబు మిగల్లేదు. అన్నిటి మీదా తీగలే.

తర్వాత స్టీల్ మీద చెయ్యాలనుకుంది. మామూలు స్టీల్ కాదు, తుపాకీ.

బటాంగ్ బెర్జుంటైలో ఆమె మేనమామ అప్పలసామి మావయ్యకి చిన్న పామాయిల్ తోట ఉంది. అడవి పందుల కోసం ఎప్పుడో లైసెన్స్‌తో కొన్న పాత తుపాకీ ఉంది. ట్రిగ్గర్‌కి పైన రెండు పక్కలా నున్నటి ఇనప పలకలు. వసంత కన్ను వాటి మీద పడింది.

"ఏటే గుంటా, నా తుపాకీకి పువ్వులెడతావా? పందులు నవ్వుతాయి లా," అన్నాడు మావయ్య, ఇక్కడి వాళ్ళ 'లా' చివర తగిలించి.

"నవ్వనీ మావా. నవ్వుతూ నిలబడితే నీకు గురి బాగా కుదురుద్ది."

మావయ్య పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి అడిగి వచ్చాడు. మలేషియా చట్టం ప్రకారం తుపాకీ ఆయన దగ్గరి నుంచి కదలకూడదు. అందుకని ఆదివారాలు మేమే వెళ్ళేవాళ్ళం. ఆమె టేబుల్ దగ్గర చెక్కుతుంటే ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేవాడు. కూర్చుని నిద్రపోయేవాడు. నేను తోటలో తిరిగేవాణ్ణి.

విదేశాల్లో తుపాకుల మీద ఆకులు, వేటకుక్కలు చెక్కుతారట. వసంత మాత్రం వాళ్ళమ్మ వాకిట్లో వేసే మెలికల ముగ్గు చెక్కింది.

అక్కడే పొరపాటు చేసింది. అలవాటు కొద్దీ ముందు చుక్కలు పెట్టింది. పెన్సిల్‌తో కాదు, మొనదేలిన పంచ్ పెట్టి సుత్తితో కొట్టింది. ఎడమ పలక మీద మెలిక అంతా తిప్పి కలిపాక చూస్తే ఒక చుక్క బయట మిగిలిపోయింది. పిండి అయితే వేలితో తుడిచేయొచ్చు. స్టీల్ మీద ఏం చేస్తాం?

మావయ్య నిద్రలేచి చూశాడు. "ఇది ఏటి?"

"పంది కన్ను," అంది వసంత, తల ఎత్తకుండా.

ఆ పూటే ఆ చుక్క చుట్టూ ఒక బుల్లి పందిని చెక్కేసింది. ముగ్గు వైపు తొంగి చూస్తున్నట్టు. మావయ్య వచ్చినవాళ్ళందరికీ ముగ్గు వదిలేసి పందినే చూపించేవాడు.

ఆయనకి చూపు తగ్గింది. వేట మానేసి చాలా కాలమైంది. తుపాకీ పోలీసులకి సరెండర్ చేసేస్తానని ఎప్పటినుంచో అంటున్నాడు. వసంత రెండో పక్క పూర్తి చెయ్యాలని ఆగాడు.

ఒక ఆదివారం తిరిగి వస్తూ నేనే అడిగాను. ఇంత కష్టపడుతున్నావు, రేపు వాళ్ళు తీసుకెళ్ళి కరగబెట్టేస్తే?

"రేపు తుడిసెస్తారని ముగ్గు ఎయ్యడం మానెస్తామేటి?" అంది. అని ఏసీ తగ్గించమంది.

పోయిన నెల కుడి పలక మీద చుక్కలు పెట్టింది. ఈసారి లెక్క సరిపోయిందని చాలా సంతోషపడింది. తర్వాతి ఆదివారం ఆయాసంగా ఉందని వెళ్ళలేదు. ఆ పై ఆదివారం కూడా.

కుడివైపు ఇప్పుడు చుక్కలే ఉన్నాయి.

ఇవాళ దహనం దగ్గర అందరూ వెళ్ళిపోయాక మావయ్య నా పక్కన నిలబడ్డాడు. "అల్లుడూ, అది ఎవుల్చేతైనా పూర్తి సేయించనా? నేపోతే ఇచ్చెయ్యనా? నువ్వే సెప్పాల," అన్నాడు.

ఇచ్చెయ్యండి మావయ్యా అన్నాను. ఆలోచించకుండానే అన్నాను. ముగ్గు గురించి వసంత అన్న మాట నిలబెట్టినట్టే అనిపించింది.

ఇంటికొచ్చాక ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళాను. బయటికి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. టీ పెట్టుకుని తాగలేదు. గేట్ దాకా వెళ్ళి, ఎందుకు వెళ్ళానో తెలీక వెనక్కి వచ్చాను.

సాయంత్రం మావయ్యకి ఫోన్ చేశాను. ఇవ్వకండి అన్నాను. ఎవరిచేతా చెక్కించకండి. లైసెన్స్ రెన్యూ చేయించండి, స్టేషన్‌కి నేనే తీసుకెళ్తాను అన్నాను.

"నాకు తుపాకీయే సరిగ్గా అగుపడదు లా, ఇంక పందెక్కడ అగుపడుద్ది," అన్నాడు.

నేను చూస్తాను మావయ్యా అన్నాను.

"సర్లే. ఆదివారం రా," అన్నాడు.

వసంతా, నువ్వైతే ఇచ్చెయ్యమనేదానివి. నాకు ఇంకా అంత చేతకాదు.

వెళ్ళిరా. నువ్వున్న చోట నెమ్మదిగా ఉండు.