తాతయ్య చేతుల్లో తాతయ్య తల

నా చిన్నప్పుడు మా చిన్నాన్న ఏం చేస్తాడని బళ్ళో ఎవరైనా అడిగితే నా దగ్గర మూడు జవాబులుండేవి. ఇళ్ళకు నక్షాలు గీస్తాడు. మట్టితో బొమ్మలు చేస్తాడు. జముకు వాయిస్తాడు. మూడూ చెబితే నమ్మేవారు కాదు, ఏదో ఒకటే చెప్పమనేవారు. ఏది తీసెయ్యాలో నాకు తెలిసేది కాదు.

జముకంటే మా శ్రీకాకుళం వైపు కథలు చెప్పేవాళ్ళ వాయిద్యం. చిన్న డబ్బాలాంటి గుల్లకి ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు మధ్య నుంచి తీగ లాగి మీటుతారు. మేం వలస వచ్చి ఉంటున్న ఖిదిర్‌పూర్‌లో మా ఇంటి వెనక, ఓడరేవులో పనిచేసే మనవాళ్ళు అమ్మవారి పండుగకి వాయిస్తుంటే చిన్నాన్న వాళ్ళ మధ్య కూర్చుని నేర్చుకున్నాడు. అప్పటికి ఆయన ఆర్కిటెక్టు, టై కట్టుకుని డల్‌హౌసీలో ఆఫీసుకి వెళ్ళేవాడు. ఒక వేసవిలో ఆ ఉద్యోగం మానేసి, మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ దగ్గర రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని మకాం కూడా అక్కడికే మార్చేశాడు. ఎందుకని ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. వాళ్ళకీ తెలియదేమోనని ఇప్పుడనిపిస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్న మా తాతయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని నన్ను కూడా తీసుకుని బయల్దేరాడు. పాత యజమాని చిన్నాన్నని మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటానన్నాడట. సాయంత్రం నాలుగింటికల్లా బాలీగంజ్‌లో తన ఇంటికి వచ్చి కనపడాలి, రాకపోతే ఆ చోట్లో ఇంకొకరు చేరతారు. తాతయ్య ఎవరెవరి చేతనో చెప్పించి సంపాదించిన అవకాశమది. దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగిపోయింది. దిగి నడిచాం. ఈ ఊళ్ళో నడక కొత్తేమీ కాదు కానీ, తాతయ్య ఆ రోజు నా చెయ్యి చాలా గట్టిగా పట్టుకున్నాడు.

షెడ్డు ముందు కుట్టుమిషన్లు టకటకమంటున్నాయి. దర్జీ తలెత్తి, "మిస్త్రీదా, అబ్బాజీ ఆయే హైఁ" అంటూ, నాన్నగారొచ్చారని లోపలికి కేకేశాడు. కొడుకుని మేస్త్రీ అన్నందుకు తాతయ్య మొహం ముడుచుకుంది. లోపల నక్షాలు గీసే బల్ల మీద మట్టిముద్దలున్నాయి. గీత గియ్యాల్సిన మూలమట్టంతో చిన్నాన్న మట్టి నున్నగా దువ్వుతున్నాడు. కొలతలు తీసుకునే విభాగిని ముళ్ళకి మట్టి ఎండి ఉంది. ఏ వస్తువూ తన పని తను చెయ్యడం లేదు.

తాతయ్య వచ్చిన పని చెప్పాడు. చిన్నాన్న అంతా విని, "ఇయ్యాల కుదరదు నాన్నా" అన్నాడు.

"ఆదివారం పూట నీకేటి పనుందిరా?"

చిన్నాన్న మూలనున్న తడిగోనె తీశాడు. కింద తాతయ్య తల ఉంది. ముక్కు మీద కళ్ళజోడు నొక్కు, కుడి కనుబొమ్మ దగ్గర గాటు, అన్నీ ఉన్నాయి. తాతయ్య తన ముక్కు ఒకసారి, ఆ ముక్కు ఒకసారి తడిమి చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. అంతలో చిన్నాన్న రెండు చేతులతో సన్నటి తీగ పట్టుకుని, నుదుటి పైనుంచి వెనక దాకా లాగేశాడు. నడినెత్తి మూతలా ఊడి వచ్చింది.

"బతికున్నోడి తల కోసీసినావేట్రా" అన్నాడు తాతయ్య. నేను ఆయన నిజం తల వైపు చూశాను, ఏమైనా అయిందేమోనని.

"ఇది ఇయ్యాలే డొల్ల చెయ్యాలి నాన్నా. రేపటికి గట్టిపడిపోద్ది. డొల్ల చెయ్యకుండా కాలిస్తే బట్టీలో పేలిపోద్ది." అలా అంటూనే ఆ మూతని తాతయ్య చేతుల్లో పెట్టేశాడు. "కింద పెట్టకు, వంకరైపోద్ది. ఒక్క నిమషం పట్టుకో."

ఆ ఒక్క నిమిషం ఎంతకీ అవలేదు. చిన్నాన్న పిడి ఉన్న ఇనప తీగ చుట్టుతో లోపలి మట్టి గీకి తీస్తూ, మధ్యమధ్య బయటి నుంచి వేలి కణుపుతో తట్టి వింటున్నాడు. మందం చెవితోనే తెలుస్తుందట. తాతయ్య ఇస్త్రీ పంచె మీద తడిమట్టి కారుతోంది. నెత్తిని చేతుల్లో పట్టుకున్న మనిషి ఎలా తిడతాడో చూశాను. అరిస్తే చేతులు కదులుతాయని మెల్లగా తిట్టాడు.

"మేడలు గీసినోడివి. ఇదేటి బతుకురా నీకు?"

"గీసినవన్నీ ఎవలో కట్టీవోరు నాన్నా. నాను ఒక్కపాలైనా లోనికెల్లి తట్టి చూసినానా?"

"తట్టడానికేనేట్రా అంత సదువు సదివించినాను?"

చిన్నాన్న మట్టికి చెవి దగ్గరగా పెట్టాడు. తట్టాడు. ఇంకో చోట తట్టాడు. మట్టి మొదట చెక్కలా పలికింది, పోనుపోను కుండలా పలికింది. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. తాతయ్య తిట్టడం మానేసి తల ఒక పక్కకి వాల్చాడు.

"ఎడం చెవి కాడ మొద్దుగా పలుకుతోంది. అక్కడింకా తియ్యి" అన్నాడు.

చిన్నాన్న ఒక్క క్షణం ఆగి, అక్కడ ఇంకా తీశాడు. మళ్ళీ తట్టాడు. తాతయ్య తలూపాడు.

మూత అతికించి అతుకు మాయం చేసేసరికి నాలుగు దాటిపోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. దర్జీ చాయ్ పంపాడు. చిన్నాన్న జముకు తీసి కాసేపు మీటాడు, తాతయ్య గోడకి చేరబడి కళ్ళు మూసుకుని విన్నాడో, నిద్రపోయాడో చెప్పలేను.

ఇంటికొచ్చేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏటన్నాడండీ మావయ్యగారూ? ఎల్లినాడా?"

"ఎల్లలేదమ్మా" అన్నాడు తాతయ్య, కాళ్ళు కడుక్కుంటూ. "వాడికి పనుంది."

అమ్మ నా వైపు చూసింది. నాకూ ఏమీ అర్థం కాలేదు. చిన్నాన్న చేసేదాన్ని తాతయ్య పని అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఉద్యోగం మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

నేనిప్పుడు సివిల్ ఇంజనీర్ని. ఏ బరువు ఎటునుంచి ఎటు దిగుతుందో బాణాలతో గీసి చూపించకపోతే నిద్ర పట్టని మనిషిని. ఆ ఆదివారాన్ని కూడా అలాగే గియ్యబోయాను. చిన్నాన్న మూత చేతిలో పెట్టింది తాతయ్యని కదలనివ్వకుండా చెయ్యడానికా, నిజంగా పట్టుకునేవాళ్ళు లేకా? తాతయ్యని ఒప్పించింది బొమ్మలో తన పోలికా, చెవిన పడ్డ మోతా, చేతుల నొప్పా? ప్రతి బాణం మధ్యలో ఆగిపోతుంది. చిన్నాన్నని అడిగాను కూడా. "మట్టి ఆరిపోతోందిరా, అంతే" అన్నాడు.

మా సైట్లలో గోడని తట్టి చూసి, బోలుగా మోగితే, పూత గోడని వదిలేసిందని ఆ గిలాబా కొట్టించి మళ్ళీ వేయిస్తాను. అది నా ఉద్యోగం, అందులో సందేహం లేదు. కానీ కొట్టెయ్యమని చెప్పేముందు, ఎందుకో తెలియదు, తల ఒక పక్కకి వాల్చి ఇంకోసారి తట్టి వింటాను.