నడిసముద్రంలో మూడు వందల పన్నెండు మంది

గ్రంథాలయంలో అందరూ ఆవిడను భూతద్దం పిన్ని అంటారు. పదో తరగతి రెండుసార్లు తప్పి, పుస్తకాల దుమ్ము దులిపే పనిలో చేరింది. ముప్పై ఏళ్లు దులిపింది. దులిపే మనిషి కళ్లు మూసుకుని దులపదు కదా, మధ్యమధ్య చదివింది కూడా. మెడలో దారానికి ఒక భూతద్దం వేలాడేసుకుని, పాతకాలపు గొలుసుకట్టు రాత చదవడం తనంతట తానే పట్టేసింది. పెద్ద డిగ్రీలున్నవాళ్లు ఒక్క పేజీ ముందు తల పట్టుకు కూర్చుంటే, చీపురు గోడకి ఆనించి, "అది బదిలీ అని సార్, సిరా కారింది" అని చెప్పి తన పని తాను చూసుకునేది.

చదువు దగ్గర మాత్రం తన మీద ఆవిడకి ఏ భ్రమా లేదు. "మా వంశానికే ఎక్కదు. మా అమ్మకీ ఎక్కలేదు" అని నవ్వేసేది. డెబ్భై ఆరేళ్ల తల్లిది కూడా అదే పాట. మూడో తరగతిలో మానేశాను, నాది మట్టిబుర్ర, అంతే. ఆ ఇంట్లో ఆ మాట ఇంటిపేరులా స్థిరపడిపోయింది.

ఇలా ఉండగా విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. పాత బడుల అడ్మిషన్ రిజిస్టర్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, ఏ వీధి పిల్లలు చదువుకున్నారో, ఏ వీధి పిల్లలు మధ్యలో మానేశారో పటం మీద చుక్కలు పెట్టి చూపించవచ్చునట. రాత చదివే మనిషి కావాలి. పిన్ని చేతిలో చీపురు పోయి కీబోర్డు వచ్చింది.

రిజిస్టరులో ఏడు గడులు. స్కానరు అద్దం నాలుగు వేళ్లు పొట్టి. కాబట్టి ఏడో గడి బొమ్మలో పడేది కాదు. కంప్యూటర్ ఫారంలోనూ అది లేదు. పిల్లలు బడి మానినప్పుడు మాస్టారు రాసిన నాలుగు ముక్కలు ఉండేది ఆ గడిలోనే. దాని బదులు ఫారంలో నాలుగు కారణాలిచ్చారు: బదిలీ, జబ్బు, మరణం, ఇతరం. ఒకటి నొక్కాలి. చెదలు తిన్న అసలు రిజిస్టర్లు పని అయ్యాక పారేస్తారు. పిన్ని నెల రోజులు నోరు మెదపకుండా "ఇతరం" నొక్కింది.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ పేరు ఎదురైంది. తండ్రి పేరు తాతదే. వృత్తి, తోళ్ల పని. వీధి, వాళ్ల వీధే. ఏడో గడిలో సన్నని అక్షరాలు: "పాఠము బాగుగా చదువును. వరండాలో కూర్చుండమనగా మానుకొనినది."

పిన్ని భూతద్దం తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివింది. చేయి "ఇతరం" మీదికి పోలేదు. ఆవిడకి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ఆ ఫారంలో ఎంత పొడుగు రాసినా కాదనని గడి ఒక్కటే, చిరునామా. వీధి పేరు పక్కన ఒక కామా పెట్టి, మాస్టారి మాటలు పొల్లుపోకుండా టైపు చేసింది. ఒక్క అమ్మకే రాసి ఊరుకోవడం పక్షపాతమనిపించి, నెల వెనక్కి వెళ్లి, అలా వరండాలో కూర్చోమంటే మానేసిన పిల్లలందరికీ రాసింది. అమ్మతో మాత్రం చెప్పలేదు. ఆ మాట చెదలకి చిక్కకుండా నిలిచిందని తేలాక చెబుదామనుకుంది. ఆవిడకి కావలసింది అదొక్కటే.

నాలుగు నెలలకి పటం తయారైంది. ప్రాజెక్టులో పనిచేసే పరిశోధకురాలు పరుగున వచ్చింది.

"పిన్నీ, ఏం చేశారండీ? మూడు వందల పన్నెండు మంది పిల్లలు నడిసముద్రంలో ఉన్నారు!"

చిరునామా అర్థం కాకపోతే ఆ కంప్యూటర్ చుక్కను అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా దగ్గర పడేస్తుంది. అక్కడున్నది నీళ్లే. తెర మీద ఊరికి ఎంతో దూరాన, నీలం మధ్యలో పిల్లలంతా ఒకే చుక్క కింద కుప్పగా ఉన్నారు.

ప్రొఫెసరు పిలిపించారు. చెడ్డమనిషి కాదు, తొందరలో ఉన్న మనిషి. మూడు రోజుల్లో అప్పజెప్పాలి.

"అడ్రసులో అడ్రసే ఉండాలమ్మా. కామా తరవాతదంతా మీరే కొట్టేయండి."

"కొట్టేస్తే ఇంకెక్కడా ఉండదు సార్. బొమ్మలోనూ పడలేదు."

"అంత ముఖ్యమైనదేముంది అందులో? ఏదీ, ఒకటి చదవండి."

 పిన్నికి చూసి చదవాల్సిన అవసరం లేకపోయింది. "పాఠము బాగుగా చదువును. వరండాలో కూర్చుండమనగా మానుకొనినది."

ప్రొఫెసరు తలూపారు. "మంచి వాక్యమే. కానీ ఒక్క వాక్యంతో ఏం చేస్తాం? ఆ పిల్ల తరవాత ఏమైందో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు సార్. ఇంట్లో ఉంది. పొద్దున నాకు క్యారేజీ కట్టి పంపింది."

 ప్రొఫెసరు పరిశోధకురాలి వైపు తిరిగారు. "ఇంకో గడి పెట్టాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

"పది నిమిషాలు సార్."

"మరి ముందే ఎందుకు పెట్టలేదు?"

"ఎవరూ అడగలేదు సార్."

సాయంత్రానికల్లా ఏడో గడి వచ్చింది. కామా తరవాతదంతా అందులోకి జరిగింది, పిల్లలు సముద్రంలోంచి లేచి ఎవరి వీధికి వాళ్లు చేరారు. తోళ్ల పనివాళ్ల వీధి చుక్కలతో నల్లబడిపోయింది. పిన్ని అమ్మ పేరున్న పేజీ ఒకటి అచ్చు తీయించుకుని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంటికి వెళ్లేసరికి తల్లి ఆరిన బట్టలు మడతపెడుతోంది. పిన్ని పక్కన కూర్చుని కాగితం విప్పి, మాస్టారి వాక్యం ఒకటికి రెండుసార్లు చదివి వినిపించింది. "చూశావా అమ్మా? నీది మట్టిబుర్ర కాదు. బాగా చదివేదానివని రాసిపెట్టాడు."

తల్లి చేతిలో తువ్వాలు సగం మడతలోనే ఆగింది.

"ఆ కళ్లజోడు మాస్టారేనా?"

"ఏమో. కింద సంతకం ఉంది, పేరు తెలియడం లేదు."

ముసలావిడ కాగితం తీసుకుని దూరంగా పెట్టి చూసింది. అక్షరాలు కూడబలుక్కోబోయి, ఆపేసి, కూతురికి తిరిగిచ్చింది.

"పుస్తకంలో ఎందుకే రాశాడు?" అంది. "ఆ ఒక్క ముక్కా నాతో అని ఉంటే వరండాలోనే కూర్చునేదాన్ని కదా."