పేరు చెప్పి చుట్టిన తీగ

నిన్న ఫ్యాను బాగుచేయించడానికి వెళ్ళి కొట్టులో కూర్చున్నాను. మెకానిక్కు కొత్తగా చుట్టిన తీగ మీద లక్క వార్నిషు పూసి, పెద్ద బల్బు కింద ఆరబెట్టాడు. వేడెక్కిన లక్క వాసన గుప్పుమనేసరికి విశాఖపట్నం ఎటు పోయిందో పోయింది. రంగూన్‌లో పబేడాన్ వీధి, వాన చప్పుడుకి మోగిపోయే రేకుల కప్పు, దాని కింద పీట వేసుకుని కూర్చున్న డా మ్య కళ్ళముందుకు వచ్చాయి. బర్మావాళ్ళు పెద్దావిడ పేరుకు ముందు ‘డా’ చేర్చి పిలుస్తారు. నా చేతికి పని నేర్పింది ఆవిడే. పనితోపాటు ఇంకొకటి కూడా నేర్పింది. దాని గురించి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆవిడ భర్త మన శ్రీకాకుళం వైపు మనిషి, ట్రాం షెడ్డులో మోటార్లకు తీగ చుట్టేవాడు. ఆయన దగ్గరే ఆవిడ పనీ నేర్చుకుంది, తెలుగూ నేర్చుకుంది. ఆయన జ్వరంతో పోయాక కొట్టు మూయకుండా తనే నడిపింది. బుగ్గలకు చెక్క గంధం పూసుకుని, కొప్పులో పువ్వు పెట్టుకుని, మా పల్లె అత్తల యాసలో ఆవిడ గదమాయిస్తుంటే కొత్తవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవారు. ఆవిడకో అలవాటు ఉండేది. ఏ మోటారు వచ్చినా దాంతో పనిచేసే మనిషి పేరేమిటని అడిగేది. మొదటి తీగ పెట్టేటప్పుడు ఆ పేరు పైకి అనాలి. బియ్యం మిల్లు మోటారైతే బెల్టు దగ్గర నిలబడేవాడి పేరు. ప్లీడరు గారింటి పంకా అయితే ప్లీడరు పేరు కాదు, దాని కింద నిద్రపోయే పసిపిల్ల పేరు. పేరు తెలియని సరుకు మూల పడేసేది. గుమాస్తాలు సణుక్కుంటూ వెనక్కి వెళ్ళి కనుక్కుని వచ్చేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

నా పెనిమిటి అప్పుడు ట్రాం నడిపేవాడు. ఓ రోజు సేక్కాన్ రేవులో ఓడ మీంచి ఒక పొట్టి ఇంజనుని దించుతుంటే చూశాడు. ఇక అన్నం దగ్గర కూడా దాని మాటే. షాన్ కొండల్లో ఓ గనికి, సన్న పట్టాల మీద నడవడానికి వచ్చిన కరెంటు ఇంజను అది. బొగ్గు లేదు, పొగ లేదు. ట్రాములాగే పైనున్న తీగలోంచి కరెంటు తీసుకుని, బళ్ళ వరుసను కొండ మీదకు లాగేస్తుందట. సొరంగాల్లో పొగ మింగి దగ్గేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి! ట్రాం నడపడం వచ్చినవాళ్ళు కావాలని గనివాళ్ళు అడిగితే, నాతో మాటమాత్రం అనకుండా పేరిచ్చి వచ్చాడు. కోపంతో కొన్నాళ్ళు కంచం ముందు పెట్టి వెళ్ళిపోయేదాన్ని. బయల్దేరే ముందు డా మ్య అతన్ని పిలిచి కూర్చోబెట్టింది. కొండ ఎక్కడం గొప్ప కాదు, దిగడమే కష్టమంది. దిగేటప్పుడు పిడి తిప్పితే మోటారే చక్రాలను పట్టి ఆపుతుందనీ, ఆ మోటారు కాలిపోతే చేతి బ్రేకు ఒక్కటే దిక్కనీ చెప్పింది. అతను తలూపి కొండలకు వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం నాలో ముల్లులా ఉండిపోయింది.

మరుసటి వానాకాలంలో గనివాళ్ళ ఏజెంటు ఓ చెక్కపెట్టె తెచ్చి దింపాడు. కొండ ఇంజను మోటారు లోపల తీగంతా మాడిపోయింది, మళ్ళీ చుట్టాలి. డా మ్య ఎప్పటిలాగే అడిగింది. ఆ ఇంజను నడిపేది సింహాచలం అన్నాడతను. నా పెనిమిటి పేరే అది.

మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. అంటే ఆయుష్షు తరుగుతుందని మా అత్తగారు చెప్పి మరీ ఓడ ఎక్కించింది. దాంతో మా ఇలవేల్పు ఉండే క్షేత్రాన్ని కూడా ‘అప్పన్న కొండ’ అని చుట్టుతిప్పి చెప్పేదాన్ని. డా మ్యకు ఇదంతా తెలుసు. అయినా రాగితీగ తెచ్చి నా చేతిలోనే పెట్టింది.

"పేరు సెప్పు."

మా ఇంటాయన అన్నాను.

"ఇంటాయన్లు ఊరంతా ఉన్నారు. ఏటి ఆయన పేరు?"

నాకు ఏడుపు వచ్చేసింది. "అంటే ఆయనకేటైనా అవుద్దేమోనని బయ్యమమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. పీట దగ్గరకు జరుపుకుంది. "నాను మా ఆయన్ని పేరెట్టే పిలిసీదాన్ని. అందుకే పోనాడనుకుంటున్నావేటి? జొరానికి పేర్లతో పనేటి? ఇప్పుడూ పిలవాలనే ఉంటాది. పలికే మడిసి లేడు. పలికీవోడుండగానే పిలు, నర్సమ్మా."

సింహాచలం అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ అన్నాను. అని, మొదటి తీగ మోటారు గాడిలో పెట్టాను.

చుట్టడం ముగిసింది, వాన మాత్రం తగ్గలేదు. ఆ తేమలో తీగకు పూసిన లక్క ఎప్పటికి ఆరాలి? పక్కనున్న రొట్టెల బట్టీవాణ్ణి బతిమాలి, వాడి పని అయ్యాక ఆ వేడిలో పెట్టేవాళ్ళం. రొట్టెలన్నీ లక్క కంపు కొడుతున్నాయని వాడి బేరగాళ్ళు మమ్మల్ని తిట్టిపోశారు. ఇంతలో ఏజెంటు వచ్చి పైకి ఆరినట్టే ఉంది, ఇచ్చేయమన్నాడు. అక్కడ పని ఆగిపోయిందనీ, ఇవ్వకపోతే ఇక మా గడప తొక్కననీ అన్నాడు. పెద్ద బేరం అది. డా మ్య నావైపు చూసింది. చెయ్యి పెట్టి చూశాను. గాడి లోపల ఇంకా చెమ్మ తగులుతోంది, అలాగే నడిపితే మళ్ళీ మాడిపోతుంది.

"ఇది సింహాచలం ఇంజను. తడి ఆరందే ఇవ్వను" అన్నాను, వీధిలోకి వినబడేలా.

అతను గొణుక్కుంటూ పోయాడు. వేరే దారిలేక ఆరిన తర్వాతే వచ్చి పట్టుకెళ్ళాడు. డా మ్య నన్ను మెచ్చుకోలేదు. టీ పోసి ఇచ్చింది, ఎప్పుడూ లేనిది తన కప్పులో.

వానలు వెనకబట్టాక నా పెనిమిటి సెలవు మీద వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పాడు. నిండు బళ్ళతో కొండ దిగుతుంటే తడి పట్టాల మీద చేతి బ్రేకు జారిపోయిందట. వెనక బళ్ళలో కూలీలు ఉన్నారట. పిడి తిప్పాడట. మోటారు మూలుగుతూ, కాలిపోకుండా, వంతెన దగ్గరకు వచ్చేసరికి అన్నిటినీ పట్టి నిలబెట్టిందట. నేను "సింహాచలం" అన్నాను. ఎవరు పిలిచారా అని వీధిలోకి తిరిగి చూశాడు పిచ్చిమనిషి.

ఇప్పుడు అతనికి చెవులు సరిగా వినపడవు. గట్టిగా పిలవాలి. ఈ వయసులో మొగుణ్ణి పేరు పెట్టి అరుస్తుందని ఇరుగుపొరుగు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. డా మ్య ఇప్పుడు లేదు. పిలవాలనిపించినప్పుడు ఆవిణ్ణి కూడా పిలుస్తుంటాను. పలకదని తెలుసు.

నిన్న ఫ్యాను చేతికిస్తూ మెకానిక్కు ఇక దిగుల్లేదన్నాడు. తీగ చుట్టేటప్పుడే దీని కింద పడుకునే మనిషి పేరు అతనికి చెప్పి ఉంచాను. ఇంటికి వచ్చి, గుమ్మంలోంచే ఆ పేరు పెట్టి కేకేశాను. లోపల్నుంచి "ఆఁ" అన్నాడు.